హెడ్‌లైటు మార్చేముందు కళ్ళు చూపించుకోండి

"రాత్రిపూట బండి నడపాలంటే భయంగా ఉంది డాక్టరుగారూ! ఎదురుగా లైటు పడిందంటే రోడ్డు మాయమైపోతోంది. హెడ్‌లైట్లు మార్పించాను. అయినా పెద్ద తేడా లేదు."

ప్రభుత్వాసుపత్రిలో ఓ.పి.కి వచ్చేవారి నోట ఈ మాట తరచు వింటున్నాను. ఇలా చెప్పేవారంతా లారీ డ్రైవర్లు కారు. పట్నంలో కాపురముండి పల్లెలో పొలం చూసుకునే ఉద్యోగులు, సంతలకు తిరిగే వ్యాపారులు, పక్క ఊళ్ళో పనిచేసి చీకటిపడ్డాక ఇల్లు చేరే టీచర్లు, పెళ్ళికి వెళ్ళి రాత్రికి రాత్రే తిరిగివచ్చే కుటుంబాలవారు.

పట్నంలో వీధిదీపాలుంటాయి. ఊరు దాటి నాలుగు కిలోమీటర్లు వెళితే అవి ఆగిపోతాయి. ఆ తర్వాత వచ్చే తారురోడ్డుకు చాలాచోట్ల మధ్యలో డివైడరు ఉండదు, అంచున తెల్లగీత ఉండదు. ఉన్న వెలుగల్లా మీ బండిదే. అది చాలటం లేదనిపించగానే షాపుకు వెళ్ళి "బాగా వెలుగొచ్చే బల్బు వెయ్యండి" అంటారు. దానివల్ల కొందరికి మేలు జరుగుతుంది. చాలామందికి జరగదు. ఎందుకంటే రాత్రి రోడ్డు కనబడటమనేది బల్బు ఒక్కదానిమీదే ఆధారపడి లేదు. బల్బు, దానిముందున్న అద్దం, మీ కన్ను, మీ వేగం – ఈ నాలుగింటి సంగతీ చూడాలి. లోపం ఎక్కడుందో తెలుసుకోకుండా బల్బు మార్చటం, జ్వరం దేనివల్ల వచ్చిందో చూడకుండా సూది వేయించుకోవటం లాంటిది.

చీకట్లో కన్ను చేసే పని

మన కంటి వెనకభాగంలో రెటీనా అనే పల్చటి పొర ఉంది. వెలుగును గ్రహించే కణాలు అందులో రెండు రకాలు. శంకువు ఆకారంలో ఉండేవి సుమారు 60 లక్షలు. ఇవి పగటి వెలుతురులో పనిచేస్తాయి. రంగులనూ, సన్నని వివరాలనూ చూపిస్తాయి. కడ్డీ ఆకారంలో ఉండేవి సుమారు 12 కోట్లు. మసకవెలుతురులో చూపునిచ్చేవి ఇవే. రంగులు వీటికి తెలియవు. చీకటి పడ్డాక ఎర్రచీరా, నల్లచీరా ఒకేలా కనబడటానికి కారణం ఇదే.

కడ్డీ కణాలలో రొడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. విటమిన్ ఏ లేకపోతే ఇది తయారు కాదు. ప్రకాశవంతమైన వెలుగు పడగానే ఇది విరిగిపోతుంది. మళ్ళీ చీకట్లో ఉంటే నెమ్మదిగా తయారవుతుంది. కన్ను పూర్తిగా చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు కావాలి. సినిమా హాల్లోకి ఆలస్యంగా వెళ్ళినవారు సీటుకోసం తడుముకోవటం, కాసేపటికి అన్నీ కనబడటం అందరికీ అనుభవమే.

బండి నడిపేవారికి అంత చీకటి ఎప్పుడూ ఉండదు. సొంత హెడ్‌లైటు వెలుగు, దానిపక్కనే చీకటి. అంతలో ఎదుటి బండి వెలుగు. మళ్ళీ చీకటి. ఇలా ప్రతి రెండు నిమిషాలకూ కన్ను సర్దుకోవలసి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న యువకుడి కంటికి కూడా ఆ మిరుమిట్లనుంచి తేరుకోవటానికి కొన్ని సెకన్లు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూంటే మూడు సెకన్లలో బండి 50 మీటర్లు వెళుతుంది. ఆ 50 మీటర్లూ కళ్ళకు గంతలు కట్టుకుని నడిపినట్లే.

వయసుతోపాటు తగ్గే వెలుగు

వయసు పెరిగినకొద్దీ కనుపాప చిన్నదవుతుంది. చీకట్లో మునుపటంత విప్పారదు. లోపలున్న కటకం పసుపు రంగుకు తిరుగుతుంది. ఈ రెండు మార్పులవల్ల 60 ఏళ్ళ మనిషి రెటీనామీద పడే వెలుగు, 20 ఏళ్ళ యువకుడితో పోలిస్తే సుమారు మూడోవంతే. అంటే ఒకే కారులో, ఒకే హెడ్‌లైటు వెలుగులో కూర్చున్న తండ్రికీ కొడుక్కీ కనిపించే రోడ్డు ఒకటి కాదు. "నాకు బాగానే కనబడుతోంది, నీకేమిటి నాన్నా?" అని కొడుకు అంటే, ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు.

ఇక్కడొక చిక్కు ఉంది. పగటిచూపు బాగుంటే రాత్రిచూపూ బాగున్నట్లేనని అందరూ అనుకుంటారు. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తుతో ఇచ్చే 1వ నెంబరు ఫారం చూడండి. 25 మీటర్ల దూరంలోని కారు నంబరుప్లేటు పగటి వెలుతురులో గుర్తించగలరా అని అందులో అడుగుతారు. రేచీకటి ఉన్నదా అనే ప్రశ్న కూడా ఉంది. కానీ దానికి అవుననో కాదనో రాసేది దరఖాస్తు పెట్టినవారే. కాబట్టి మీ రాత్రిచూపును మీరే గమనించుకోవాలి.

ఏయే జబ్బులు కారణం?

శుక్లం: యాభై దాటినవారిలో ముందుగా అనుమానించవలసింది దీన్నే. శుక్లం మొదలయ్యేటప్పుడు పగలు చూపు పెద్దగా తగ్గదు. కాని మసకబారిన కటకంమీద ఎదుటి లైటు పడగానే వెలుగు చెదిరి కంటినిండా తెల్లగా పరుచుకుంటుంది. లైటు చుట్టూ రంగువలయాలు కనిపిస్తాయి.

ఎరువుల వ్యాపారం చేసే ఒకాయనను ఆయన కొడుకు చెయ్యి విరిగిన స్థితిలో తీసుకొచ్చాడు. వయసు 57. వరికోతల రోజులు. రైతులు రోడ్డుమీద ఆరబోసిన ధాన్యాన్ని రాత్రికి కుప్పచేసి, నల్లటి టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్ళు పేర్చారు. ఎదురుగా ట్రాక్టరు లైటు పడటంతో ఈయన మోటారుసైకిలు నేరుగా కుప్పలోకి పోయింది. అంతకు నెలక్రితమే ఎక్కువ వెలుగిచ్చే ఎల్.ఇ.డి. బల్బూ, దానికితోడు అదనపు దీపాలూ బిగించుకున్నాడట. మామూలుగా బోర్డు చదివిస్తే చూపు 6/9 ఉంది. చాలామంది తృప్తిపడే చూపే అది. కంటి పక్కనుంచి టార్చిలైటు వేసి అదే బోర్డు చదవమంటే 6/36కి పడిపోయింది! రెండు కళ్ళలోనూ శుక్లం. ఎముక అతికాక శుక్లం ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆయన అదృష్టంకొద్దీ ఆ రాత్రి అక్కడున్నది ధాన్యం. కుప్పకు కాపలాగా పడుకున్న మనిషే అయితే?

శుక్లం ఆపరేషన్ ప్రభుత్వాసుపత్రులలో ఉచితంగా చేస్తారు. అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976లోనే మొదలైంది. రాత్రి ప్రయాణాలు చేసేవారు ఆపరేషన్‌కు ముందే ఆ సంగతి సర్జనుకు చెప్పాలి. దూరానికీ దగ్గరకూ పనికివచ్చే మల్టీఫోకల్ కటకాలు కొందరికి రాత్రిళ్ళు లైట్ల చుట్టూ వలయాలు చూపిస్తాయి. అలాంటివారికి మామూలు కటకమే నయం కావచ్చు.

దూరదృష్టి లోపం: స్వల్పంగా మైనస్ పవరు ఉన్నవారికి పగలు ఇబ్బంది ఉండదు. రాత్రి కనుపాప విప్పారగానే దూరపు వస్తువులు అలుక్కుపోతాయి. సరైన కళ్ళద్దం పెడితే చాలు, రోడ్డు తేటపడుతుంది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న మొదలైన కంటివెలుగు కార్యక్రమాలలో చాలామంది కళ్ళద్దాలు తీసుకున్నారు. వాటిలో దగ్గరిచూపుకు, అంటే చదువుకోటానికి ఇచ్చినవి పెట్టుకుని బండి నడపకూడదు సుమా!

విటమిన్ ఏ లోపం: పిల్లలలో రేచీకటికి ఇది ముఖ్య కారణం. 1970లో దేశమంతటా పిల్లలకు విటమిన్ ఏ ద్రావకం పట్టించే కార్యక్రమం మొదలుపెట్టారు. పెద్దలలో ఇది అరుదు. కాలేయజబ్బులు, పేగుల జబ్బులు ఉన్నవారిలో రావచ్చు. తోటకూర, మునగాకు, బొప్పాయి, మామిడిపండు, క్యారట్, గుడ్డులోని పచ్చసొన తింటూంటే మామూలుగా లోపం రాదు. లోపం లేనివారు ఎన్ని క్యారట్లు తిన్నా రాత్రిచూపు మామూలుకన్నా పెరగదు. డాక్టరు చెప్పకుండా విటమిన్ ఏ మాత్రలు మింగటం మంచిది కాదు. మోతాదు మించితే కాలేయం చెడుతుంది. గర్భిణులలో బిడ్డకు అవకరాలు కలగవచ్చు.

వంశపారంపర్య రేచీకటి: రెటినైటిస్ పిగ్మెంటోసా అనే ఈ జబ్బులో కడ్డీ కణాలు క్రమంగా నశిస్తాయి. మేనరికాలున్న కుటుంబాలలో ఎక్కువగా కనిపిస్తుంది. చిన్నతనంలోనే చీకటిపడితే తల్లి చెయ్యి పట్టుకుని నడవటం, పెద్దయ్యాక పక్కనున్న బల్లనో బిందెనో తన్నుకోవటం దీని లక్షణాలు. చూపు చుట్టూనుంచి కుంచించుకుపోయి, గొట్టంలోంచి చూసినట్లుంటుంది. ఇలాంటివారు పగలు పేపరు చదవగలరు. రాత్రి బండి మాత్రం నడపకూడదు. ఏ హెడ్‌లైటూ ఈ లోటు తీర్చలేదు. పెళ్ళిచూపుల్లో ఈ సంగతి బయటపడుతుందని దాచిపెట్టే కుటుంబాలున్నాయి. దాచినందువల్ల ప్రాణాలమీదికి వస్తుంది.

మధుమేహం, నీటికాసులు: మధుమేహంవల్ల రెటీనా దెబ్బతిన్నా, దానికి లేజరు చికిత్స ఎక్కువగా జరిగినా రాత్రిచూపు తగ్గుతుంది. నీటికాసుల జబ్బులో పక్కచూపు పోతుంది. పక్కనుంచి రోడ్డెక్కే గేదె కనిపించదు. ఇంకొక మాట. కంటి పరీక్షకోసం కనుపాప పెద్దది చేసే చుక్కలు వేయించుకున్న రోజు కొన్ని గంటలపాటు బండి నడపవద్దు. పల్లెనుంచి సాయంత్రం పరీక్షకు వచ్చేవారు తోడుగా ఒకరిని తెచ్చుకోండి.

హెడ్‌లైటుకూ శుక్లం

ఇప్పుడు బండి దగ్గరకు వద్దాం. ఇదివరకు అంబాసిడర్ కారుకు గాజు హెడ్‌లైట్లుండేవి. ఇప్పటి కార్లకు, మోటారుసైకిళ్ళకు పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్ అద్దాలు. ఎండకు అవి కొన్నేళ్ళలో పసుపెక్కి, పాలుపోసినట్లవుతాయి. కంటికి శుక్లం వచ్చినట్లే! అమెరికాలో వాహనదారుల సంఘమైన ఎ.ఎ.ఎ. 2018లో పరీక్షించి చూస్తే, ఇలా మసకబారిన హెడ్‌లైట్లు కొత్తవాటితో పోలిస్తే ఐదోవంతు వెలుగే ఇస్తున్నాయని తేలింది.

అలాంటి అద్దం వెనక ఎంత పెద్ద బల్బు పెట్టినా ఏం లాభం? వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది, రోడ్డుమీద పడదు. కాబట్టి ముందు అద్దం చూసుకోండి. మెకానిక్ షాపుల్లో పాలిష్ పట్టించవచ్చు. మరీ పాడైతే మార్పించాలి. కారు ముందద్దం లోపలివైపున పల్చటి జిడ్డుపొర పేరుకుంటుంది. పగలు కనబడదు. రాత్రి ఎదుటి లైటు పడితే అద్దమంతా తెల్లబడుతుంది. వారానికోసారి లోపలా బయటా తుడవండి. గీతలుపడ్డ హెల్మెట్ అద్దం, నల్లరంగు హెల్మెట్ అద్దం రాత్రిపూట పనికిరావు.

బల్బు మార్చాలనుకుంటే

చాలా కార్లలో ఉండే హెచ్-4 హాలొజన్ బల్బు 12 వోల్టులమీద పనిచేస్తుంది. హైబీమ్‌కు 60 వాట్లు, డిమ్‌కు 55 వాట్లు. దీని స్థానంలో 100 వాట్ల బల్బు వేస్తే ఎంత దూరం ఎక్కువ కనిపిస్తుంది? వెలుగు దూరంపోయేకొద్దీ పల్చబడుతుంది. రెట్టింపు దూరం కనబడాలంటే నాలుగు రెట్ల వెలుగు కావాలి. ఆ లెక్కన 100 వాట్లతో మహా అయితే 50 మీటర్లు కనిపించేచోట 65 మీటర్లు కనబడుతుంది. దీనికోసం రెండు దీపాలకూ కలిపి 10 ఆంపియర్లు పోవలసిన వైర్లలో 16 ఆంపియర్లకు పైగా పోతుంది. వైరు వేడెక్కుతుంది, హోల్డరు కరుగుతుంది, లోపలి రిఫ్లెక్టరు పూత మాడుతుంది. ఒక్కొక్కప్పుడు బండికే నిప్పంటుకోవచ్చు.

దీనికన్నా మంచి ఉపాయం ఒకటుంది. పాత బండ్లలో బ్యాటరీనుంచి స్విచ్చిదాకా, అక్కణ్ణుంచి బల్బుదాకా సన్నని పొడుగాటి వైర్లలో కరెంటు నష్టమవుతుంది. బల్బుకు అందే వోల్టేజి నూటికి 10 వంతులు తగ్గితే వెలుగు నూటికి 30 వంతులు తగ్గిపోతుంది. ఆటో ఎలక్ట్రీషియన్ చేత రిలే పెట్టించి, సరైన లావున్న వైరుతో, ఫ్యూజుతో సహా బ్యాటరీనుంచి నేరుగా బల్బుకు కరెంటు ఇప్పిస్తే, ఉన్న బల్బే కొత్తదానిలా వెలుగుతుంది. పాత మోపెడ్లలో, స్కూటర్లలో ఇంజను వేగం తగ్గినప్పుడల్లా లైటు మసకబారుతుంది. గుంత దగ్గర నెమ్మదించే సమయానికే గుంత కనబడదు. అలాంటి బండి మీద చీకటిపడేలోగా ఇల్లు చేరటమే మేలు.

ఇక ఎల్.ఇ.డి. బల్బుల సంగతి. కంపెనీలో తయారైనప్పుడే ఎల్.ఇ.డి. దీపాలతో వచ్చిన బండ్లకు పేచీ లేదు. వాటి రిఫ్లెక్టర్లు ఆ దీపాలకు తగినట్లే తయారవుతాయి. హాలొజన్ బల్బుకోసం చేసిన రిఫ్లెక్టరులో ఎల్.ఇ.డి. బల్బు దూర్చితేనే చిక్కు. హాలొజన్ బల్బులో సన్నని తీగ ఎక్కడుంటుందో లెక్కగట్టి ఆ రిఫ్లెక్టరును మలిచారు. వెలుగు పుట్టేచోటు కాస్త అటూఇటూ అయినా కిరణాలు దారితప్పుతాయి. బండికి ముందు పది మీటర్లలో నేల ధగధగ మెరుస్తుంది. "ఆహా, ఎంత వెలుగు!" అనిపిస్తుంది. కాని దగ్గర ఎంత వెలుగుంటే కనుపాప అంత ముడుచుకుంటుంది. దూరాన ఉన్న మనిషి అంత తక్కువగా కనబడతాడు. కంటికి తృప్తిగా ఉండటం వేరు, రోడ్డు కనబడటం వేరు. నీలిఛాయ ఉన్న వెలుగు ఎదుటివారి కంటిని మరీ బాధపెడుతుంది. పసుపెక్కిన కటకాలున్న పెద్దవారికి ఆ నీలిభాగం రెటీనాదాకా చేరదు. అందుచేత బండి తయారీదారు చెప్పిన రకం, మంచి కంపెనీ బల్బు జతగా మార్చుకోవటం ఉత్తమం.

విదేశాలలో ఉన్న పిల్లలు పంపారనో, చవకగా దొరికిందనో అమెరికా, గల్ఫ్ దేశాల హెడ్‌లైట్లు బిగించుకునేవారున్నారు. అక్కడ బండ్లు కుడివైపున నడుస్తాయి. ఆ దీపాల డిమ్ వెలుగు కుడిప్రక్కకు ఎక్కువ దూరం పడేలా చేసి ఉంటుంది. ఎడమవైపున నడిచే మన రోడ్డుమీద ఆ వెలుగు తిన్నగా ఎదురొచ్చేవాడి కళ్ళలోకే!

ఎదుటివాడి కన్ను కూడా మీదే అనుకోండి

మీ దీపం ఎదుటి డ్రైవరు కళ్ళు చెదరగొడితే అతని బండి ఎటు వస్తుంది? మీమీదికే వస్తుంది. అందుచేత దీపం దిశ సరిగా ఉండటం మీ ప్రాణానికే రక్ష. 1989నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, దీపానికి 8 మీటర్ల దూరంలో, నేలనుంచి మీటరున్నర ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు కలగకుండా వెలుగు కిందికి వాలి ఉండాలి.

దీన్ని ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. చదునైన నేలమీద గోడకు ఏడున్నర మీటర్ల దూరంలో కారు నిలపండి. టైర్లలో గాలి సరిగా ఉండాలి. దీపం మధ్యభాగం నేలనుంచి ఎంత ఎత్తుందో గోడమీద అంత ఎత్తున సుద్దతో గీత గీయండి. డిమ్ లైటు వేస్తే వెలుగు పైఅంచు ఆ గీతకు ఏడెనిమిది సెంటీమీటర్లు కిందుగా ఉండాలి. గీతకు పైన ఉంటే మెకానిక్ చేత సరిచేయించండి. వెనకసీటు నిండా మనుషులు, డిక్కీలో బియ్యం బస్తాలు ఉంటే కారు వెనక కుంగి, ముందు దీపాలు పైకి లేస్తాయి. చాలా కార్లలో స్టీరింగు దగ్గర 0 నుంచి 3 వరకు అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. అది దీపాలను కిందికి వంచటానికే. బరువున్న రోజున దాన్ని తిప్పటం మరచిపోకండి.

ఎదుటి బండి కనబడగానే డిమ్ చెయ్యండి. వాడు డిమ్ చెయ్యకపోతే? "నేనూ చూపిస్తా" అని హైబీమ్ వేస్తే ఇద్దరూ గుడ్డివాళ్ళవుతారు. వేగం తగ్గించి, చూపును రోడ్డు ఎడమ అంచుమీదికి మళ్ళించండి. బండి దాటిపోయాక కూడా రెండు మూడు సెకన్లు ఆగి, అప్పుడు వేగం పెంచండి. ఆ బండి వెనకే నీడలో సైకిలువాడో, ఆగిపోయిన చెరకు ట్రాక్టరో ఉండవచ్చు.

పసుపు కళ్ళద్దాలు పనిచేస్తాయా?

రాత్రి డ్రైవింగుకని పసుపురంగు అద్దాలు అమ్ముతున్నారు. 2019లో అమెరికాలోని బోస్టన్ నగర పరిశోధకులు వీటిని డ్రైవింగ్ సిమ్యులేటరుమీద పరీక్షించారు. ఎదుటి లైటు పడుతున్నప్పుడు పాదచారిని గుర్తించటంలో ఆ అద్దాలు ఏమీ సాయపడలేదు. ఏ రంగు అద్దమైనా కంటికి చేరే వెలుగును తగ్గిస్తుందే గాని పెంచదు. ఫ్రాన్సు దేశంలో దశాబ్దాలపాటు కార్లన్నిటికీ పసుపు హెడ్‌లైట్లే ఉండాలని చట్టం ఉండేది. 1993లో దానికి స్వస్తి చెప్పారు. మీకు కళ్ళజోడు ఉంటే, ప్రతిబింబాలు తగ్గించే పూత వేసిన తెల్ల అద్దాలు తీసుకోండి. వాటివల్ల కొంత ఉపయోగం ఉంది.

వేగం లెక్క

రాత్రి అకస్మాత్తుగా ఏదైనా కనబడితే, అదేమిటో పోల్చుకుని బ్రేకు తొక్కటానికి సుమారు రెండు సెకన్లు పడుతుందనుకోండి. బ్రేకులు బాగుండి, రోడ్డు పొడిగా ఉంటే బండి పూర్తిగా ఆగేలోగా పోయే దూరం ఇలా ఉంటుంది: గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సుమారు 32 మీటర్లు, 60లో 56 మీటర్లు, 80లో 85 మీటర్లు. వాన పడితే ఇంకా ఎక్కువ.

నల్లబట్టలు వేసుకున్న మనిషి డిమ్ లైటులో 30 మీటర్లు దాటి కనబడటం కష్టం. ఇప్పుడు మీరే లెక్క వేసుకోండి. ఎదురుగా బండ్లు వస్తున్న పల్లెరోడ్డుమీద 60 వేగంతో పోతున్నారంటే, ఆ మనిషి కనిపించేసరికే ఆలస్యమైపోయిందన్నమాట. మీ దీపం వెలుగు ఎంతవరకు పడుతుందో అంతలో ఆగగలిగిన వేగమే రాత్రిపూట మీ వేగం. రోడ్డు బాగుందనీ, బండి కొత్తదనీ దాన్ని పెంచకూడదు.

వేళ కూడా ముఖ్యమే. రాత్రి 2 నుంచి తెల్లవారు 5 వరకు శరీరం నిద్రను కోరుతుంది. ఎంత మంచి దీపమైనా మూతపడే రెప్పలకు మందు కాదు. ఒక్క పెగ్గు సారాయి కూడా మిరుమిట్లనుంచి కన్ను తేరుకునే వ్యవధిని పెంచుతుంది.

రోడ్డుమీద నడిచేవారికి

బండి లేనివారికి కూడా ఇందులో పనుంది. నడిచేవాడికి బండి లైటు కిలోమీటరు దూరంనుంచి కనిపిస్తుంది. అందుచేత డ్రైవరుకు తానూ అలాగే కనబడుతున్నాననుకుంటాడు. అది పొరపాటు. తెల్లపంచె, తెల్లచొక్కా తొడుక్కున్న తాతగారు, నల్లచొక్కా వేసుకున్న మనవడికన్నా దాదాపు రెట్టింపు దూరంలో కనబడతారు. సైకిలు వెనకా, ట్రాక్టరు ట్రాలీకీ, ఎడ్లబండికీ అంటించే మెరిసే పట్టీలైతే 100 మీటర్ల పైనుంచే తెలుస్తాయి. షాపుల్లో వీటిని 'రేడియం స్టిక్కర్లు' అంటారు. పేరే గాని వాటిలో రేడియం లేదు, భయపడనక్కరలేదు. పడిన వెలుగును వచ్చినవైపుకే తిప్పి పంపటం వాటి గుణం. మట్టి పట్టితే మెరవవు, తుడుస్తూండాలి. ధాన్యం రోడ్డుమీద ఆరబోయకపోవటమే మంచిది. తప్పనిసరైతే కుప్పకు రెండు చివర్లా ఈ పట్టీలు అంటించిన కర్రలు పాతండి. రాళ్ళు మాత్రం పెట్టకండి.

ఏది ముందు, ఏది తర్వాత?

రాత్రి రోడ్డు సరిగా కనబడటం లేదనిపిస్తే ఈ వరస పాటించండి.

1. కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. "రాత్రి బండి నడుపుతాను, లైటు పడితే ఇబ్బందిగా ఉంది" అని స్పష్టంగా చెప్పండి. చెప్పకపోతే పగటిచూపు మాత్రమే చూసి పంపవచ్చు. నలభై దాటినవారు, మధుమేహం ఉన్నవారు ఏడాదికోసారి వెళ్ళాలి.

2. హెడ్‌లైటు అద్దం, ముందద్దం, కళ్ళజోడు, హెల్మెట్ అద్దం శుభ్రం చెయ్యండి. మసకబారినవి మార్చండి.

3. గోడ ముందు దీపాల దిశ చూసుకోండి.

4. వైరింగు చూపించండి. అవసరమైతే రిలే పెట్టించండి.

5. పాత బల్బులు నల్లబడితే అదే వాట్ల కొత్త జత వేయించండి.

6. ఇవన్నీ అయ్యాక కూడా చాలకపోతే వేగం తగ్గించండి. లేదా ప్రయాణం పగటికి మార్చుకోండి.

ఇంట్లో పెద్దవారు ఈమధ్య రాత్రిపూట బండి తియ్యటానికి వెనకాడుతున్నా, ఎదుటి లైటు పడగానే బండి ఎడాపెడా పోనిస్తున్నా, తెలిసిన దారిలో మలుపు దాటిపోతున్నా వారిమీద విసుక్కోవద్దు. చాలామంది ఈ ఇబ్బందిని పైకి చెప్పుకోరు. చెబితే తాళాలు లాక్కుంటారని భయం. మీరే అడిగి, వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. శుక్లమైతే ఆపరేషన్‌తో తగ్గుతుంది, పవరైతే కళ్ళద్దాలతో సరిపోతుంది. పరీక్ష అయ్యేదాకా రాత్రి ప్రయాణాలలో బండి మీరు నడపండి.